అక్వేరియానికి తక్కువ కరెంటుతో నడిచే పంపు ఏది ఎంచుకోవాలి?

విజయవాడలోని మా ఇంట్లో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల గాజు తొట్టె ఉంది. సుమారు 250 లీటర్లు పట్టే ఆ తొట్టెలో గోల్డ్‌ఫిష్‌లను పెంచుతున్నాము. ఫిల్టరు కింది అరలో ఉన్నందున పంపు నీటిని దాదాపు 1.2 మీటర్ల ఎత్తుకు తోడాలి. ఇప్పుడున్న 35 వాట్ల ఏసీ పంపు రేయింబవళ్లు నడుస్తూ నెలకు 25 యూనిట్లు వాడుతోంది; పైగా దాని వేడి నీటిలోనే కలుస్తుంది కనుక, చల్లని నీటిని కోరుకునే గోల్డ్‌ఫిష్‌లకు మా ఎండాకాలంలో అది అదనపు బాధ.

గంటకు 1,000 నుంచి 1,200 లీటర్లు పైకి చేరితే చాలు. అయితే డబ్బా మీద ముద్రించే లీటర్ల లెక్క ఎత్తు సున్నా అయినప్పటిది, గరిష్ఠ ఎత్తు అని రాసేది నీరు బొత్తిగా ఆగిపోయే చోటు. ఈ రెంటి నడుమ నాకు కావలసిన ఎత్తులో ఎంత నీరు వస్తుందో చెప్పే గ్రాఫును మా దుకాణాల్లో ఎవరూ చూపడం లేదు. గరిష్ఠ ఎత్తు 2.5 మీటర్లు ఉన్న పంపు సరిపోతుందా?

వేగం తగ్గించుకోగల 24 వోల్టుల డీసీ పంపుల వైపు నా మనసు మొగ్గుతోంది. వాటిని వాడుతున్నవారు, ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూస్తే నిజంగా ఎన్ని వాట్లు వచ్చాయో, బోరు నీటి తెల్లటి గార ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం) ఇరుసుకు పట్టి గరగరమనే ఇబ్బంది వీటిలోనూ ఉందో లేదో, కరెంటు పోయినప్పుడు బ్యాటరీలకు నేరుగా కలపవచ్చో లేదో దయచేసి తెలియజేయగలరు. అర అంగుళం పైపును ముప్పావు అంగుళానికి మారిస్తే ఒరిపిడి తగ్గి ఇంకా చిన్న పంపే చాలుతుందని నా అంచనా.