అప్‌డేట్: ఆ ఫుట్‌బాలర్ నిర్మాత దొరికాడు

ఫుట్‌బాల్ ఆడి, తర్వాత సినిమాలు తీసిన స్పెయిన్ నిర్మాత ఎవరని మొన్న అడిగాను కదా? ఎలియాస్ కెరెహెతా. 1934లో ఎర్నానిలో పుట్టి, రియల్ సొసియేదాద్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌కి ఆడారు. దర్శకుడు కార్లోస్ సౌరాతో తీసిన ‘వేట’ సినిమాకి 1966 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి సిల్వర్ బేర్ అవార్డు సౌరాకి వచ్చింది. అదీ స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం నడుస్తుండగానే!

రాత్రి కెరెహెతా నిర్మించిన ‘ఎల్ సుర్’ (1983) చూశాను. పేరుకి అర్థం ‘దక్షిణం’. అందులో కథానాయిక అయిన అమ్మాయి దక్షిణానికి బయల్దేరడానికి సూట్‌కేస్ సర్దుకుంటుంది... అంతే, సినిమా అయిపోయింది! డౌన్‌లోడ్ సగంలో ఆగిందేమో అనుకున్నాను. తీరా చూస్తే షూటింగ్ మధ్యలో ఆపించింది నిర్మాత కెరెహెతానే. దక్షిణం భాగం అసలు తీయనే లేదట. దర్శకుడు విక్టర్ ఎరీథే ఎంత బాధపడ్డాడో గానీ, నాకు మాత్రం ఆ సూట్‌కేసే ఇంకా కళ్లముందుంది. థ్యాంక్స్ అందరికీ.