చిరుతను పట్టి జూలో పెట్టడం న్యాయమేనా?

రాగిసంగటి:
మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని మన తిరుపతి ఎస్వీ జూకి పోయాను. ఒక చిరుత దగ్గర అరగంట నిలబడిపోయాను. గోడ వెంబడి వస్తుంది, మూలకు రాగానే ముక్కు గోడకు ఆనించి వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ అదే దారి. ప్రతిసారీ అదే చోట అదే కాలు వేస్తోంది. అక్కడ గడ్డి చచ్చిపోయి బాట పడింది. పక్కనున్నాయన "షుగర్ వచ్చినట్టుంది, వాకింగ్ చేస్తాంది" అని నవ్వాడు. బంధించిన జంతువులు ఇలా ఒకే పని పదేపదే చెయ్యడాన్ని స్టీరియోటైపీ అంటారు.
2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాపను చిరుత చంపేశాక, బోనులు పెట్టి పట్టిన చిరుతల్ని ఈ జూకే తెచ్చారు. నేను చూసింది వాటిలోదని అనడం లేదు. కానీ ఏది చంపిందో తేలకముందే దొరికినదాన్నల్లా బంధించడం న్యాయమా?

చంద్రగిరికోట:
మన జూ 5,532 ఎకరాలు. 1987లో పెట్టారు. విస్తీర్ణంలో ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. ఇంతకంటే ఏం కావాలి దానికి?

రాగిసంగటి:
ఆ ఎకరాలన్నీ చిరుత తిరిగేవి కాదన్నా. అందులో ఎక్కువ భాగం అడవి. చిరుతకు దక్కింది కంచె లోపలి జాగా మాత్రమే.

చంద్రగిరికోట:
అంటే 5,532 ఎకరాలు అబద్ధమా?

పుత్తూరుకట్టు:
మంగళవారం జూకు సెలవు. పోయేవాళ్ళు చూసుకోండి.

కాణిపాకంకుర్రోడు:
అక్కా, జూ అంటే జైలు ఒకటే కాదు. 1998లో సర్కసుల్లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతుల ఆటలు నిషేధించారు. 2001లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆ సర్కసు సింహాలు, పులులకు మన తిరుపతిలోనే రెస్క్యూ సెంటర్ పెట్టారు. పుట్టినప్పటి నుంచి బోను తప్ప ఎరగనిదాన్ని అడవిలో వదిలితే దుప్పిని పట్టగలదా? పస్తులతో పోతుంది.

రాగిసంగటి:
సర్కసు సింహం సంగతి వేరు తమ్ముడూ, అక్కడ నీతో గొడవే లేదు. నిన్నటిదాకా శేషాచలంలో వేటాడుకున్న చిరుత గురించి నేను అడుగుతున్నది. ఉంచక తప్పకపోతే దుంగలు వెయ్యొచ్చు, మాంసం దాచిపెట్టి వెతుక్కోనియ్యొచ్చు, ఈలలు వేసేవాళ్ళను ఆపొచ్చు. మారాలనుకుంటే మారతాం. ఏనుగుల్ని జూల నుంచి తీసెయ్యమని దేశంలో జూలను అజమాయిషీ చేసే సెంట్రల్ జూ అథారిటీ 2009లోనే చెప్పింది. డాల్ఫిన్ షోలు వద్దని 2013లో కేంద్రం చెప్పింది.

తోతాపురి:
ఏనుగుల్ని తీసెయ్యమన్నారా? తీసి యాడికి పంపినారు, మా తోటలోకా?

రాగిసంగటి:
ఆ ఏనుగులు వేరు, మీ తోటలోకొచ్చే అడవి ఏనుగులు వేరు అన్నా.

తోతాపురి:
నీకు వేరు. మాది పలమనేరు పక్కన, కౌండిన్య అడవి అంచు. ఒకే రాత్రిలో పదకొండు మామిడి చెట్లు విరిచినాయి, డ్రిప్ పైపులు చుట్టచుట్టి పారేసినాయి. టార్చి వేస్తే కదల్లేదు. మా నాయన పళ్ళెం కొడతా తెల్లారేదాకా గుడిసె మీద కూచున్నాడు. పరిహారం కోసం ఆఫీసుకు తొమ్మిదిసార్లు తిరిగినా. ఫోటోలో ఏనుగు కనిపించలేదంట! కాలు గుర్తు కనిపిస్తే చాలదా?

చంద్రగిరికోట:
చూశారా. 5,532 ఎకరాలున్నాయి, ఏనుగులు కూడా పడతాయి.

కాణిపాకంకుర్రోడు:
అన్నా, దయచేసి.

తోతాపురి:
ఆదివారం టికెట్ కొని అరగంట జాలిపడి ఇంటికి పోతారు. చిరుతను వదలమంటారు. ఎవరి ఇంటి ముందు వదలాల? నీ అపార్ట్‌మెంట్ ముందు వదులుకో.

రాగిసంగటి:
మాట జాగ్రత్త. నాకు భయం లేదనుకున్నారా? పెళ్ళయినప్పటి నుంచి ఏటా అలిపిరి మెట్లెక్కేదాన్ని. ఆ పాప పోయాక నా కూతుర్ని నడిపించలేదు, బస్సులోనే పోతున్నాం. నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చినప్పుడు కూడా ధైర్యం రాలేదు.

తోతాపురి:
మరి ఇంకేం, ఇద్దరిదీ ఒకటే భయం.

రాగిసంగటి:
భయం ఒకటే. కానీ నా భయానికి వారంలోపల బోనులు వచ్చాయి. కొండ మీదికి పోయే దారి కాబట్టి. మీ నాయన పళ్ళేనికి ఎవరూ రాలేదు.

తోతాపురి:
అదే అక్కా నేను మొదట్నించీ చెప్పేది. నాకు ఏనుగు మీద పగ లేదు. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరిమేదానికి నేర్పించిన ఏనుగులు, వస్తే మా ఊరోళ్ళు అరటిపళ్ళు పెట్టినారు. తొమ్మిదిసార్లు తిప్పించుకున్నోడి మీద పగ.

రాగిసంగటి:
మొదట్నించీ చెప్పలేదు, ఇప్పుడే చెప్పారు. కాగితాలన్నీ ఉన్నాయా?

తోతాపురి:
సర్వే నంబరు, ఫోటోలు, రసీదు అన్నీ ఉన్నాయి.

రాగిసంగటి:
అర్జీ నేను రాసిస్తాను. సోమవారం మళ్ళీ పోదాం. ఎన్నింటికి రావాలి?

తోతాపురి:
పదిన్నర దాకా ఎవరూ ఉండరు. టిఫిన్ తినే రా.