గుంటూరు నుంచి ఎల్‌ఎల్‌ఎంకి వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, నాగార్జున యూనివర్సిటీలో లా చదివి ఇక్కడ అమెరికాలో ఎల్‌ఎల్‌ఎంలో (లా మాస్టర్స్) చేరానని, పౌరహక్కులు, ఇమిగ్రేషన్ చెప్పే ప్రొఫెసర్ కావాలనుందని రాశావు. పైన కామెంట్లో ఒకరు, చదువు అప్పు తీరాలంటే కార్పొరేట్ లా వైపు వెళ్లమన్నారు. అప్పు సంగతి నిజమే, కానీ నువ్వు అడిగింది అది కాదు కదా.

ఏడాది ఎల్‌ఎల్‌ఎంతోనే లా స్కూల్లో ఉద్యోగం రావడం చాలా కష్టం. చాలామందికి జేడీయో (ఇక్కడి మూడేళ్ల లా డిగ్రీ), ఎస్‌జేడీయో (లాలో డాక్టరేట్) ఉంటుంది, ఆ పైన పరిశోధనకి ఫెలోషిప్. ఇంటర్వ్యూలో నీ వ్యాసం మీద ఫ్యాకల్టీ అందరి ముందూ మాట్లాడాలి, దాన్నే జాబ్ టాక్ అంటారు, ప్రశ్నలతో ఉతికేస్తారు. అందుకే మార్కులకన్నా వ్యాసం ముఖ్యం.

దానికి విషయం మన ఇళ్లలోనే ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి పౌరసత్వం కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు, చట్టం చెప్పే 'తెల్లవాళ్ల' కిందికి మనవాళ్లు రారు, పౌరసత్వం కుదరదు అంది. 1946లో గానీ ఆ చట్టం మారలేదు, వలసకి కూడా ఏడాదికి 100 మంది కోటాయే. 1965లో ఆ జాతుల కోటాలు పోయాయి. కానీ ఇప్పటికీ ఉద్యోగాల గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతం పరిమితి ఉండటంతో, బ్రాడీపేట నుంచి వచ్చిన ఇంజనీరు క్యూలో ఉండగానే, నాలుగేళ్లప్పుడు వచ్చిన వాళ్లమ్మాయికి 21 నిండి తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడిన హెచ్‌4 వీసా పోతుంది, ఒకటో తరగతి నుంచీ ఇక్కడే చదివిన పిల్ల స్టూడెంట్ వీసా కోసం పరిగెత్తాలి. ఇది వీసా సమస్య మాత్రమేనా, సమానత్వం సమస్య కాదా? ఆ ప్రశ్న పట్టుకో. పౌరులు కానివాళ్లకీ సమాన రక్షణ ఉందన్న 1886 నాటి యిక్ వో తీర్పు, పత్రాలు లేని పిల్లలకీ బడి హక్కు ఇచ్చిన 1982 ప్లైలర్ తీర్పు ముందు చదువు.

మీ స్కూల్ ఇమిగ్రేషన్ క్లినిక్‌లో (విద్యార్థులు లాయర్ల పర్యవేక్షణలో నిజం కేసులు చూసేచోటు) ఎల్‌ఎల్‌ఎం వాళ్లని తీసుకుంటారేమో ఈ వారమే కనుక్కో. ఆశ్రయం కోరే ఐ-589 ఫారం మామూలుగా దేశంలోకి వచ్చిన ఏడాదిలోపే వేయాలి. పారిపోయి వచ్చిన మనిషి పక్కన కూర్చుని, ఏ రోజు ఏం జరిగిందో ఒక్కో తేదీ అడిగి రాయిస్తుంటే, ఒక్క తేదీ తప్పినా అబద్ధమంటారని వాళ్లు ఎంత భయపడతారో చూస్తావు. పుస్తకంలో అది దొరకదు.

బయటి సంస్థలో జీతం లేకుండా చేసినా సరే, ముందు డీఎస్‌ఓని (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే కాలేజీ అధికారి) అడుగు. ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద చదివిన రంగంలో పని చేసే అనుమతి) 12 నెలలే, లా వాళ్లకి పొడిగింపు లేదు. యూనివర్సిటీ ఉద్యోగానికి హెచ్‌1బీ లాటరీ మాత్రం ఉండదు.

వ్యాసం ఆలోచన రెండు పేరాల్లో రాసి ఇక్కడే పెట్టు, చదివి చెప్తాను.