ఇండియన్ బేసిన్ తీసి కమోడ్: ఎస్ ట్రాపా, పీ ట్రాపా?

ప్రశ్న: హన్మకొండల గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. అమ్మకు మోకాళ్ల నొప్పి, కింద కూర్చోలేదు. ఏ కమోడ్ తీసుకోవాలె? బోరు నీళ్లే, ఉప్పు బాగ పేరుకుంటది.

జవాబు 1: అన్నా, ట్రాప్ అంటే వాసన పైకి రాకుండ నీళ్లు నిలిచే వంపు. దాని పైపు నేలలకు దిగితే ఎస్, గోడలకు పోతే పీ. మీకు ఎస్ కావచ్చు. టైల్స్ వేసినంక గోడ నుంచి పైపు నడిమధ్య దాకా కొలవుండ్రి. 4, 9, 12 అంగుళాల రకాలు దొరుకుతయి. ఆ కొలత లేకుండ షాపుకు పోవద్దు.

ముఖ్యమైంది ఇంకోటి. పాత బేసిన్ కింది ట్రాప్ తప్పక తీయించుండ్రి. కమోడ్‌లనే ట్రాప్ ఉంటది. రెండూ ఉంటే నడుమ గాలి ఇరుక్కొని ఫ్లష్ సరిగ్గ పోదు, మాటిమాటికి జామ్ అయితది. కొత్త 110 ఎంఎం పైపుకు మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇయ్యాలె.

జవాబు 2: కమోడ్ కింద సిమెంట్ నింపనియ్యకుండ్రి. రేపు తీయాల్సొస్తే పగులుతది. పైపు మూతికి రబ్బర్ గాస్కెట్, నేలకు ప్లగ్గులేసి స్క్రూలు, అంచుకు సిలికాన్ చాలు. వెనుక వైపు కొంచెం వదిలేస్తే లీకైనప్పుడు నీళ్లు బయటికొచ్చి తెలుస్తది. స్క్రూలు మరీ బిగిస్తే పింగాణీ చిట్లుతది. సిలికాన్ ఆరేదాక ఒక రోజు వాడొద్దు.

జవాబు 3: ఉప్పు నీళ్లకు ముందు పాడయ్యేది ఫ్లష్ ట్యాంకు అడుగు వాషరే. ట్యాంకుల రంగు చుక్కలేసి అరగంట ఫ్లష్ కొట్టకుండ్రి. కమోడ్‌లకు రంగు దిగితే అదే లీకు. ట్యాంకుకు నీళ్లొచ్చే నల్లా (యాంగిల్ వాల్వ్) కట్టేసి, వాషర్ తీసి నిమ్మ ఉప్పు నీళ్లల్ల నానబెట్టుండ్రి. గట్టిపడితే మార్చుడే. ట్యాంకుల యాసిడ్ మాత్రం పోయొద్దు, రబ్బర్లు తినేస్తది.