నిరీక్షణ అంటే ఆశా, ఎదురుచూపా?

హన్మకొండ నుంచి:
మన భాషా గ్రూపుకు ఒక ప్రశ్న. శనివారం పేపర్లో హెడ్డింగు "యూరియా కోసం తప్పని నిరీక్షణ". కింద ఫొటోలో సొసైటీ గోడ పొడుగునా చెప్పుల వరుస. కొన్ని చెప్పుల మీద పాస్‌బుక్కు జిరాక్సులు, అవి ఎగిరిపోకుండా పైన రాళ్లు. మర్నాడు చర్చిలో పాస్టరుగారు చదివిన వాక్యం "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును" (1 కొరింథీ 13:13). పక్కనున్న మా తొమ్మిదో తరగతివాడు చెవిలో "డాడీ, యూరియాకు కూడా నిలుచునుడేనా?" అన్నాడు. నవ్వాపుకున్నాను గానీ ఇంటికొచ్చాక అదే ఆలోచన. ఇంగ్లిషులో అక్కడ హోప్ అని ఉంది. మనవాళ్లు ఆశ అని ఎందుకు పెట్టలేదు? చర్చి బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు తప్ప వేరే అర్థం నేను వినలేదు.

కాజీపేట, రైల్వే:
అన్నా, మా దగ్గర మూడో అర్థం కూడా ఉంది. హిందీలో నిరీక్షణ్ అంటే ఇన్‌స్పెక్షన్. పెద్ద ఆఫీసర్లు తిరిగే బోగీ మీద నిరీక్షణ్ యాన్ అని రాసి ఉంటది. అది వస్తుందని తెలిస్తే ఆశా ఉండదు, ఎదురుచూపూ ఉండదు. ఒట్టి టెన్షనే.

కరీంనగర్, రిటైరైన తెలుగు టీచరు:
తమ్ముడు సరదాగా అన్నా మూలానికి దగ్గరగా ఉన్నది ఆయనే. సంస్కృతంలో ఈక్ష్ అంటే చూడటం. నిరీక్షణ అంటే చూపు తిప్పుకోకుండా చూడటం. పరీక్ష, సమీక్ష, అపేక్ష, ఉపేక్ష అన్నీ ఆ ఇంటి పిల్లలే. మన ఎదురుచూపులో మాత్రం, చూపు లేదా ఏంటి? బైబిల్లోనే రోమా పత్రిక 5లో "ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" అని వస్తుంది. ఆ రెండు మాటలకూ మూలమైన గ్రీకులో చుట్టరికం లేదు, తెలుగులోకి వచ్చాక అక్కాచెల్లెళ్లయ్యాయి. పాఠం చెప్పే రోజుల్లో ఇలాంటివి దొరికితే నాకు ఆ పూటకు అన్నం అక్కర్లేకపోయేది.

ఇక ఆశ సంగతి. తెలుగులో ఆ మాటకు కొంచెం మచ్చ ఉంది. పేరాశ, దురాశ, ఆశపోతు. పది ఆజ్ఞల్లో కూడా "నీ పొరుగువాని యిల్లు ఆశింపకూడదు" అనే ఉంది. అంత బరువైన చోట ఈ మాట పెట్టడానికి జంకారేమో అని నా అంచనా. అలాగని దాన్ని పూర్తిగా వెలి వేయలేదు. 130వ కీర్తనలో "ఆయన మాటమీద నేను ఆశ పెట్టుకొనియున్నాను" అని ఉంది.

వరంగల్, మండి బజార్:
ఉర్దూలో ఈ పంచాయితీ లేదు సార్. ఉమ్మీద్ వేరు, ఇంతెజార్ వేరు. మా షాపులో రిపేరుకిచ్చిన ఫోను కోసం కస్టమర్ స్టూలు మీద కూర్చుని చేసేది ఇంతెజార్. అది మళ్లీ ఆన్ అవుతుందని పెట్టుకునేది ఉమ్మీద్. నీళ్లల్ల పడ్డ ఫోనైతే నేను మొదటిదే చేయమంటా.

జనగామ, పీజీ విద్యార్థిని:
పాత నిబంధన మూలభాష హీబ్రూలో ఆ తేడా అంత లేదు సార్. కవా అనే క్రియకు కాచుకోవడం, ఆశించడం రెండూ అర్థాలే. దాని నుంచి వచ్చిన తిక్వా అంటే ఆశ. యెహోషువ 2లో, గూఢచారులను దాచిన రాహాబు అనే ఆమె తన ఇల్లు గుర్తుపట్టడానికి కిటికీకి కట్టే ఎర్రదారం ఉంది కదా, అక్కడ దారానికి వాడిన మాటా తిక్వానే.

నాకు ఇంకా నచ్చింది యెషయా 59:11. "న్యాయముకొరకు కాచుకొనుచున్నాము గాని అది లభించుటలేదు." మూలంలో అదే కవా. మనవాళ్లు ఇక్కడ నిరీక్షణ అనే పెద్ద మాట జోలికి పోకుండా కాచుకొను అన్నారు. కావలి కాసేవాడి మాట అది. మా తాత మక్క చేనుకు రాత్రి కాపలా పోయేవాడు. మంచె మీద గొంగడి, టార్చిలైటు, ఒక నూనె డబ్బా. గంటకోసారి డబ్బా మీద కట్టెతో కొట్టాలి. అరగంట కన్నంటుకుంటే అడవి పందులు రెండు సాళ్లు పడగొట్టి పోయేవి. తెల్లారి మా అమ్మమ్మ విరిగిన కర్రలు లెక్కపెట్టి ఎంతసేపు పడుకున్నాడో చెప్పేది. కాచుకోవడం అంటే నాకు ఆ డబ్బా చప్పుడే గుర్తొస్తుంది.

రోమా 8:25లో ఇంకో మాట చూడండి. "మనము చూడనిదాని కొరకు నిరీక్షించిన యెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." ఇప్పుడు కనిపెట్టడం అంటే సైంటిస్టులు చేసే పని. కానీ ఇంట్లో "పిల్లగాన్ని జర కనిపెట్టుకోని ఉండు" అంటాం కదా, ఆ కనిపెట్టడమే ఇది.

ఒక సభ్యుడు:
ఇది భాషా గ్రూపా, ప్రార్థన కూటమా? బయట మతాల గొడవ చాలదా?

కరీంనగర్, తెలుగు టీచరు:
బాబూ, నేను చర్చికి పోయేవాడిని కాదు. ఇక్కడ పోతన పద్యం మీద చర్చ నడిచినప్పుడు ఇది గుడా అని ఎవరూ అడగలేదు. 19వ శతాబ్దం మొదట్లోనే తెలుగు వచనంలో సువార్తలు అచ్చయ్యాయి. ఆ వచనం మీద మాట్లాడకుండా తెలుగు వచనం మీద ఏం మాట్లాడతాం?

గొడవ అన్నారు కాబట్టి లూకా 10లో యేసు చెప్పిన కథ తీయండి. దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, అంటే పూజారి, "చూచి" పక్కగా పోయాడు. గుడి సేవ చేసే లేవీయుడూ చూసే పోయాడు. సమరయుడు "అతనిని చూచి, అతనిమీద జాలిపడి" ఆగాడు. ముగ్గురూ చూసినవాళ్లే. మొదటి ఇద్దరిదీ ఉపేక్ష, అంటే అదీ ఒక రకం చూపే. కథ అయ్యాక వీళ్లలో పొరుగువాడెవరని యేసు అడిగితే, యూదులకు సమరయులతో పొత్తు లేదు కదా, ధర్మశాస్త్రం చదివిన పెద్దమనిషికి "సమరయుడు" అనడానికి నోరు రాలేదు. "జాలిపడినవాడే" అని తప్పుకున్నాడు. పేరు పెట్టి పిలవడానికి ఇష్టం లేక "ఆ వాడకట్టాయన" అనే పెద్దమనుషులు మన ఊళ్లలో లేరా?

డోర్నకల్ నుంచి:
మొదటి పోస్టు పెట్టినన్నా, మీ 13:13కు పది వచనాల పైకి పోండి. బీదలకు ఆస్తి అంతా పంచినా, శరీరాన్ని కాల్చడానికి అప్పగించినా ప్రేమ లేకపోతే వ్యర్థమని ఉంటుంది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో వి.ఎస్. అజరయ్య గారు ఆ వచనాన్నే తెల్ల మిషనరీల ముందు పెట్టారు. మీరు ఆస్తులిచ్చారు, శరీరాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అని. దొరల రాజ్యంలో దొరల సభలో అన్న మాట. రెండేళ్లకు మా డోర్నకల్‌కే బిషప్పయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. పుట్టుక తమిళం, తెలుగు ఇక్కడికొచ్చి నేర్చుకున్నారు.

హన్మకొండ నుంచి:
అందరికీ థాంక్స్. ఈ పొద్దున నాలుగున్నరకు మా బావమరిదితో నేనే యూరియా లైన్‌కు పోయాను. పేపర్లో చూసిన లైనే, ఇవాళ మా చెప్పులతో. మా ముందు ఒక పెద్దమ్మ. చెప్పులు వదిలి పక్కకు పోదామని లేస్తుంది, ఎవరన్నా జరిపేస్తారని మళ్లీ కూర్చుంటుంది. రెండుసార్లు అలాగే చేసింది. మా వెనకున్న పిల్లగాడు, ఆమెకు చుట్టమూ కాదు, ఊరివాడూ కాదు, ఫోన్లోంచి తల ఎత్తి అన్నాడు: "పెద్దమ్మా, పోయి చాయ్ తాగి రా. నీ చెప్పులు నేను కనిపెట్టుకోని ఉంటా."