పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నా, ఏ సెట్టింగ్ పెట్టాలి?

అటక మీద 6 వీహెచ్ఎస్ క్యాసెట్లు దొరికాయి, అన్నీ మూడు గంటలవే. 1994లో అమ్మానాన్నల పెళ్లి, నా అన్నప్రాసన, తాతయ్య షష్టిపూర్తి. రెండింటికి బూజు పట్టింది, వాటిని వీసీఆర్‌లో పెట్టే ధైర్యం ఇంకా చేయలేదు.

ముందు పెళ్లి క్యాసెట్ ఊళ్లో ఒక స్టూడియోకి ఇస్తే మూడు గంటలదీ 700 ఎంబీ ఫైల్‌లో కుక్కి ఇచ్చాడు. తలంబ్రాలు పోసే చోట బియ్యం గింజలు లేవు, అన్నీ గళ్లు గళ్లే, వెనక నిలబడ్డ తాతయ్య మొహం కూడా అందులో కలిసిపోయింది. ఒళ్లు మండి, వీసీఆర్ నుంచి వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు నేనే కొన్నా.

మన దేశంలో పాత టీవీ, వీసీఆర్‌ల పద్ధతి పాల్ కాబట్టి బొమ్మ సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు పెట్టా. సాఫ్ట్‌వేర్ 1080 (ఫుల్ హెచ్‌డీ) కూడా చూపిస్తోంది గానీ టేపులో లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది, అవునా కాదా?

అసలు తికమక బిట్‌రేట్ దగ్గర, అంటే సెకను వీడియోకి ఎంత డేటా వాడాలన్న దగ్గర. వీడియోని కుదించే హెచ్.264లో 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు) పెడితే గంటకు 3.6 జీబీ, అదే లాస్‌లెస్ (నాణ్యత ఏమాత్రం పోనిది) అయితే 30 జీబీ దాటుతోంది, నా డిస్క్‌లో ఖాళీ 400 జీబీయే. 8 సరిపోతుందా, 15 పెట్టాలా? టేపులో చుక్కలు ఎక్కువుంటే బిట్‌రేట్ ఎక్కువ తింటుందట కదా.

ఇంకోటి, నాన్న తల తిప్పినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి. ఈ చీలికలు పోగొట్టే డీఇంటర్లేస్ క్యాప్చర్ అప్పుడే చేసేయాలా, లేక ఒరిజినల్ అలాగే ఉంచి, చూడ్డానికి సెకనుకు 50 ఫ్రేముల డీఇంటర్లేస్ కాపీ వేరేగా తీసుకోవాలా? చేసినవాళ్లు కాస్త చెప్పండి, వీసీఆర్ పక్కింటివాళ్లది, ఆదివారం తిరిగిచ్చేయాలి.