బూస్టర్ పెట్టాక పాదం ఆనితే చాలు, బ్రేకు పట్టేస్తోంది: లోపం ఎక్కడ?

పాత ఇంపాలా, మారతహళ్ళి:
మా నాన్నగారి 1965 షెవర్లే ఇంపాలాకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కిందటేడు దానికి బూస్టర్ (ఇంజను వాక్యూమ్‌తో తొక్కుడు బలాన్ని పెంచే పరికరం) పెట్టించాను. అప్పటినుంచి పెడల్‌ను తాకితే చాలు, బండి ముందుకు వంగి ఆగిపోతోంది. లైనింగులు మార్చాం, బ్రేకు గొట్టాల్లో గాలి తీయించాం, ఫలితం లేదు. ఇంకేం చూడాలో చెప్పండి.

జె.సి. రోడ్ మిత్రుడు:
మాస్టర్ సిలిండర్ (తొక్కుడును బ్రేకు నూనె పీడనంగా మార్చేది) బోరు, అంటే లోపలి వ్యాసం, కొలవండి. 1 అంగుళం ఉంటే 1⅛ అంగుళాలది వేయించండి. పిస్టన్ వైశాల్యం పెరిగి, అదే తొక్కుడుకు పీడనం సుమారు ఐదో వంతు తగ్గుతుంది.

మల్లేశ్వరం ఇంజనీరు:
బూస్టర్ తీసేయండి. ఆ డ్రమ్ముల్లో తిరుగుతున్న డ్రమ్మే షూను (లోపలి నుంచి దానికి ఒత్తుకునే లైనింగు పట్టీని) తనలోకి లాక్కుని పట్టు పెంచుతుంది. దానికి ఇంజను వాక్యూమ్ బలం కూడా తోడైతే ఇలాగే ఉంటుంది. నా పాత కారుకు ఒక షెడ్డువాళ్ళు ఇదే పని చేశారు. సిల్క్ బోర్డ్ దగ్గర నేను కాస్త తాకగానే కారు నిలిచిపోయింది, వెనక వస్తున్న బస్సు డిక్కీని నుజ్జు చేసింది.

హోసూరు రోడ్డు:
ఉదయం మొదటి రెండు మూడు సార్లేనా? అయితే డ్రమ్ములో తేమ.

పాత ఇంపాలా:
రోజంతా అంతే.

జె.సి. రోడ్ మిత్రుడు:
బోరు ఎంతో ఇంకా చెప్పలేదు.

మల్లేశ్వరం ఇంజనీరు:
బోరు కాదండీ, అసలు అవసరమే లేని పరికరం అది. తయారైనప్పుడు లేనిదాన్ని తగిలించి, పాత కారును పాడుచేసి, తర్వాత లోపం వెతకడం నాకు బాధగా ఉంది.

పాత ఇంపాలా:
అవసరం లేదని మీరెలా నిర్ణయిస్తారు? నాన్నగారికి 74 ఏళ్ళు, కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. బూస్టర్ లేకపోతే ఆయన ఆ కారు నడపలేరు. ఆయన నడపని కారు ఎంత అసలు రూపంలో ఉన్నా మా ఇంటికి అక్కరలేదు.

బసవనగుడి చదువరి:
కోపతాపాలు అలా ఉంచి పెడల్ చేతిని (పెడల్ వేలాడే కడ్డీని) చూడండి. ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో దానికి, బ్రేకు వైపు వెళ్ళే రాడ్‌ను తగిలించడానికి, రెండు రంధ్రాలుంటాయి: పైది బూస్టర్ లేని బ్రేకుకు, కిందిది ఉన్నదానికి. పై రంధ్రంలో తొక్కుడు బలం దాదాపు 6 రెట్లు, కింద 4 రెట్లు అవుతుంది. అంటే 10 కిలోల తొక్కుడు పైన 60 అయితే, కింద 40 మాత్రమే. బూస్టర్ దాన్ని మళ్ళీ పెంచుతుంది కనుక రాడ్ పైనే ఉండిపోతే మీరు చెప్పినట్టే పడుతుంది.

పాత ఇంపాలా:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. రాడ్ పై రంధ్రంలోనే ఉంది. ఆదివారం మార్పిస్తాను.

జె.సి. రోడ్ మిత్రుడు:
మార్చినా బోరు కొలవడం మానకండి.

మల్లేశ్వరం ఇంజనీరు:
మోకాలి సంగతి ముందే తెలిసుంటే తీసేయమనేవాణ్ణి కాదు. ఒక్క మాట: బెంగళూరు దగ్గరి నంది హిల్స్ దిగుతూ ఇంజను ఆగిపోతే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఖాళీ మైదానంలో, బండి మెల్లగా దొర్లుతుండగా ఇంజను ఆపి, అప్పుడు ఎంత బలంగా తొక్కాలో నాన్నగారికి ఒకసారి అలవాటు చేయించండి.